అభ్యంతరం లేని పాట

చింతలతిప్ప ఆడపిల్లని చేసుకోవాలంటే మగపెళ్లివారి దగ్గర రెండుండాలి. ఒకటి పెళ్లికొడుకు, రెండోది గట్టి చెవులు. పెళ్లికొడుకు కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుపోతారు గానీ చెవుల విషయంలో మాత్రం రాజీ లేదు. ఎందుకంటే పెళ్లికి ముందురోజు సాయంత్రం విడిదింట్లో మగపెళ్లివారిని బంతిలో కూర్చోబెట్టి, ఆకుల్లో గారెలు పడీ పడకముందే ఊళ్లో ఆడాళ్లు ఓ పక్కన చేరతారు. చేరి, పెళ్లికొడుకు తల్లిని రాగం తీసి మరీ తిడతారు. ఆవిడ ముక్కు, ఆవిడ నడక, ఆవిడ వంట, ఆవిడ పిసినారితనం, అన్నీ కాలవ అవతలి గట్టు దాకా వినపడతాయి. ఆవిడతో వచ్చిన ఆడాళ్లు మాత్రం తక్కువ తిన్నారా, వాళ్లూ అందుకుంటారు. రెండు పక్కలా గొంతులు బొంగురుపోయాక అందరూ కలిసి మజ్జిగ తాగి వియ్యాలవారైపోతారు.

ఈ దళానికి నాయకురాలు పేరంటాలు అత్త. ఆవిడ నోట పడ్డవాళ్లు జన్మలో మర్చిపోరు. మర్చిపోకపోవడమే కాదు, చెప్పుకు తిరుగుతారు. పక్కూళ్లో ఒకావిడుంది, ఎవరన్నా కొత్తవాళ్లు కనిపిస్తే పేరు చెప్పదు. "బండిచక్రాల గాజులని పాట కట్టించుకున్న వియ్యపురాల్ని నేనేనండి" అంటుంది, పురస్కారం పుచ్చుకున్నట్టు.

పేరంటాలు అత్తకి ఓ మేనల్లుడు. పేరు అబ్బులు. బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడుపుతాడు. లోకంలో ఎక్కడ ఏ నోటిఫికేషన్ పడ్డా వాడు దరఖాస్తు పెట్టకుండా నిద్రపోడు. ఓసారి ఎడారి ప్రాంత రైతుల పథకానికి కూడా పెట్టాడు. ఊరి చుట్టూ కాలవలే ఉన్నాయని తిరస్కరించారు. "కాలవలు తాత్కాలికం" అని అప్పీలు కూడా చేసుకున్నాడు గానీ వాళ్లు వినలేదు. తన తెలివిని లోకం ఇంకా గుర్తించలేదన్న బాధ వాడికి చిన్నప్పట్నుంచీ ఉంది. లోకం గుర్తించే రోజు వస్తుందని వాడికి తెలుసు గానీ, అది ఇంతమంది బంధువుల ముందు వస్తుందని మాత్రం తెలీదు.

ఓ రోజు స్క్రీను మీద ఓ ప్రకటన కనపడింది. 'సముదాయ వారసత్వ దృఢీకరణ సంస్థ' వారు ఊళ్లలో ఉన్న పాత కళల బృందాలని ఎన్ని గాలివానలొచ్చినా కూలిపోకుండా, ఎన్ని తరాలైనా వాడిపోకుండా తయారు చేసిపెడతారట. శిక్షణ ఇస్తారు, మెడలో వేసుకునే కార్డిస్తారు, మైకు సెట్టిస్తారు.

అబ్బులుకి నిజంగానే ఒక దిగులుంది. డీజేలొచ్చాక అత్తని పిలిచే పెళ్లిళ్లు తగ్గాయి. అత్త తర్వాత ఈ పాటలెవరు పాడతారు? దిగులు మంచిదే. దాంతో ఆగిపోయుంటే ఈ కథే ఉండేది కాదు. కానీ దిగులు పక్కనే ఇంకోటి కూడా ఉంది. పాటల సంఘం బోర్డు మీద 'కార్యదర్శి: అబ్బులు' అని ఉంటే ఎలా ఉంటుందో వాడు అప్పటికే రంగులతో సహా ఊహించేసుకున్నాడు.

"అత్తా, మీకు మైకొస్తది" అన్నాడు.

"నా గొంతుకి మైకెందుకురా? కోటిపల్లి రేవులో పడవలాగిపోతాయి" అంది అత్త. అని, ఓ క్షణం ఆగి, "నల్లదా, వెండిరంగుదా?" అనడిగింది.

అలా దరఖాస్తు వెళ్లిపోయింది.

*

నెల తిరక్కుండా సంస్థ నుంచి ప్రాంతీయ సుస్థిరతాధికారి దక్షిణామూర్తి గారు దిగారు. నున్నగా దువ్విన తల, చేతిలో ఫైలు, ఆ ఫైలుని మోసే పొట్ట. రైతు సంఘం గోడౌన్లో ప్లాస్టిక్ కుర్చీలేసి శిక్షణ మొదలెట్టారు.

"మాన్యులారా!" అన్నారాయన, ముందు వరసలో ఉన్న ఆడాళ్లనీ, కిటికీలోంచి తొంగి చూస్తున్న గేదెనీ కలిపి. "మీ బృందం మనుగడకు పొంచి ఉన్న ముప్పులేమిటో నిస్సంకోచంగా వెల్లడించండి."

"జలుబండి" అంది చిట్టెమ్మ పిన్ని. అత్తకి వంత పాడేది ఆవిడే.

"మా ఆయనండి" అంది అత్త. "పాటకెళ్లి ఆలస్యమైతే తలుపు గడేసుకుని పడుకుంటాడు. ఎంత కొట్టినా లేవడు."

దక్షిణామూర్తి గారు జాలిగా నవ్వారు. "ఇవన్నీ ఉపరితల ముప్పులమ్మా. లోతుగా ఆలోచించండి. ఏ బృందాన్నయినా ఎవరైనా ఆపాలంటే వారికి కావలసిందేమిటి? ఒక అభ్యంతరం! అభ్యంతరం పుట్టడానికి అవకాశమే లేకపోతే? ఇక ఆ బృందాన్ని ఆపగల శక్తి ఈ భూమండలం మీద లేదు. అజరామరం! కనుక మీ పాటలోంచి ఎవరికైనా, ఎప్పుడైనా, ఏ కారణం చేతనైనా అభ్యంతరం కలిగించగల అంశాలను తొలగించడమే మన కార్యాచరణ."

అబ్బులు ఒక్కడే చప్పట్లు కొట్టాడు. ఇంత గొప్ప మాట తనకి ముందే తట్టనందుకు కాస్త సిగ్గుపడ్డాడు కూడా. వాడు సిగ్గుపడాల్సింది దానికి కాదు గానీ, ఆ సంగతి తర్వాత తెలిసొచ్చింది.

"ఏదీ, ఒక నమూనా గీతం ఆలపించండి" అన్నారు అధికారి గారు.

అత్త గొంతెత్తింది. గోడౌన్ రేకులు గలగలలాడాయి.

"వంకాయ కూరొండె వియ్యపురాలు
ఉప్పంతా ఊళ్లోన, కారమంతా ఏట్లోన!
పీటేసి కూకుంటే పీట రెండాయె
పకపకా నవ్వితే పాలిచ్చే గేదె పారిపోయె!"

కిటికీలో గేదె తల తీసేసింది. దక్షిణామూర్తి గారు కళ్లజోడు సవరించుకుని ఎర్ర పెన్ను తీశారు.

"ఉప్పూ కారం... ఇది వృత్తి నైపుణ్యాన్ని కించపరచడం. తొలగించాలి. పీట విరగడం... శరీరాకృతి పట్ల వివక్ష, పైగా ఆస్తి నష్టం. నవ్వు... వ్యక్తిగత హావభావాల మీద దాడి. గేదె... మూగజీవి మానసిక క్షోభ. 'వియ్యపురాలు'... ఒక వర్గాన్ని వేలెత్తి చూపడం."

"వంకాయన్నా ఉంచండి బాబూ" అంది చిట్టెమ్మ పిన్ని.

ఆయన ఉదారంగా ఆలోచించారు. "వంకాయ అంటే బెండకాయ సాగు చేసేవారికి అభ్యంతరం ఉండవచ్చు. 'కాలానుగుణ కూరగాయ' అందాం."

అత్త లేచి వెళ్లిపోతుందేమోనని అబ్బులు భయపడ్డాడు. కానీ ఆవిడ అప్పటికే మైకుని ఒళ్లో పెట్టుకుని మనవడి తల నిమిరినట్టు నిమురుతోంది. మెడలో నల్లపూసల పక్కన ఫొటో కార్డు తళతళలాడుతోంది. ఆ ఫొటోలో తను బాగా పడిందని ఆవిడకి గట్టి నమ్మకం. మనిషిని పడగొట్టడానికి పెద్ద పెద్ద పథకాలు అక్కర్లేదు, ఓ మంచి ఫొటో చాలు. అబ్బులు పడింది బోర్డుకి, అత్త పడింది ఫొటోకి. ఎవరి పిచ్చి వాళ్లది.

మర్నాడు ముప్పు నివారణ కసరత్తు పెట్టారు. ఎదురుగా ఓ ఖాళీ కుర్చీ వేసి, దానికి 'వియ్యపురాలు (నమూనా)' అని చీటీ అంటించారు. సవరించిన పాట దాని మీద పాడించారు. పాడటం అయ్యాక దక్షిణామూర్తి గారు వంగి కుర్చీనే కాసేపు పరిశీలించారు.

"గమనించారా? ఎటువంటి అభ్యంతరమూ వ్యక్తం కాలేదు."

"చెక్క కుర్చీ అయితే ఏవనుకునేదో" అని గొణిగింది చిట్టెమ్మ పిన్ని. అబ్బులు ఆవిడ వంక కోపంగా చూశాడు. శిక్షణ మధ్యలో వెటకారం వాడికి నచ్చదు.

"ఇక వాస్తవ పరిస్థితుల్లో ప్రయోగాత్మక ప్రదర్శన ఒక్కటే మిగిలింది" అన్నారు అధికారి గారు. "సమీపంలో ఏదైనా వివాహం ఉన్నదా?"

ఉంది. అబ్బులు చెల్లెలు భవానికి పెళ్లి కుదిరింది. వచ్చే నెలలోనే. వాడు చెయ్యెత్తాడు, బళ్లో జవాబు తెలిసిన పిల్లాడిలా.

*

ప్రదర్శనకి ముందు 'ప్రభావిత వ్యక్తి' సమ్మతి తీసుకోవాలన్నారు. ప్రభావిత వ్యక్తి అంటే పెళ్లికొడుకు తల్లి సీతారత్నం గారు. అబ్బులు కాగితం పట్టుకుని కాలవ దాటి నడుపులంక వెళ్లాడు.

సీతారత్నం గారికి ఒక్కడే కొడుకు. అంటే ఆవిడ జన్మలో వియ్యపురాలయ్యేది ఒక్కసారే. తోడికోడళ్లందరూ ఎప్పుడో అనిపించేసుకున్నారు. ఏ పెళ్లికెళ్లినా వాళ్ల పాటల కబుర్లే. ఆవిడ ఊరికే పక్కన కూర్చుని తమలపాకులకి సున్నం రాస్తూ వినేది.

"రా బాబూ రా. పూతరేకులు తిను" అంది అబ్బుల్ని చూడగానే. "మీ పేరంటాలు వదినగారు బావున్నారా? గొంతదీ బావుందా? ఈ చలికి జలుబూ అదీ చెయ్యలేదు కదా?"

"బావుందండి అత్తయ్యగారూ. దాని గురించే వచ్చాను. విందులో పాటల విషయం..."

"అమ్మో!" అని ఆవిడ రెండు చేతులూ గుండెల మీద వేసుకుంది. మొహమంతా నవ్వే. "ఆవిడ నోట్లో పడితే ఇంకేవన్నా ఉందా! నాకిప్పట్నుంచే గుండె దడదడలాడిపోతంది. ఏవంటారో ఏంటో తల్లీ!"

అబ్బులు పెన్ను తీశాడు. 'ప్రభావిత వ్యక్తి తీవ్ర భయాందోళనలో ఉన్నారు' అని రాసుకున్నాడు.

"ఉండు, నీకోటి చూపిస్తాను" అని ఆవిడ లోపలికెళ్లి ఓ చీర తెచ్చింది. చిలకపచ్చ. మామూలు చిలకపచ్చ కాదు, చిలక చూస్తే తనే వెలిసిపోయానేమో అనుకునే పచ్చ. "విందుకి ఇదే కడదామని. మరీ ఎబ్బెట్టుగా ఉందంటావా? ఎవరన్నా ఏవన్నా అంటారంటావా?"

"ఎవరూ ఏమీ అనరండి. పూచీ నాది."

ఆవిడ మొహంలో నవ్వు కొంచెం తగ్గింది. "ఈ ముక్కుపుడక కూడా పెద్దది చేయించాను మరి. నా నడక కూడా, మా ఆయనంటారు, బాతు నడకని." లేచి గుమ్మం దాకా నడిచి చూపించి, తిరిగొచ్చింది. "అవునా?"

"లేదండి, చాలా హుందాగా ఉంది."

'నడక విషయమై సున్నితంగా ఉన్నారు. ముక్కు విషయమై కూడా.' అబ్బులు చెయ్యి ఆగకుండా రాసేస్తోంది. చింతలతిప్పలో పుట్టి పెరిగినవాడికి ఆవిడేం అడుగుతోందో తెలియదా అంటే, తెలుసు. నెల కిందట తెలుసు. తెలిసింది మర్చిపోడానికే కదా శిక్షణ!

సంతకం పెడుతూ ఆవిడ అడిగింది. "ఇదేంటి బాబూ?"

"మీ మనసు నొప్పించే మాట ఒక్కటి కూడా రాకుండా చూస్తామని హామీ అండి."

"అలాగా" అంది సీతారత్నం గారు. చదువుకున్న కుర్రాడు, ఏదో మర్యాదకి అంటున్నాడనుకుంది. అలాంటి మాటని ఎవరన్నా నిజంగా నిలబెట్టుకుంటారని ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

ఇంటికొచ్చాక భవాని అడ్డం పడింది. "అన్నయ్యా, మా అత్తగారు ఆ పచ్చచీర ఎందుకు కొనుక్కున్నారో తెలుసా నీకు?"

"నీకు తెలీదు, ఊరుకోవే. నువ్వు శిక్షణ తీసుకోలేదు" అన్నాడు అబ్బులు.

అబ్బులు రాసుకొచ్చినవన్నీ చదివి దక్షిణామూర్తి గారు బెంబేలెత్తిపోయారు. "ఇంత సున్నిత మనస్కురాలికి తటస్థ గీతం కూడా ప్రమాదమే. ప్రశంసా గీతమే శరణ్యం" అని, స్వయంగా కూర్చుని ఓ పాట రాశారు. అందులో ప్రశంసలు కూడా మితంగానే పెట్టారు, అతిగా పొగిడితే వెక్కిరింపు అనుకుంటారని.

*

విందు రోజు విడిదింటి ముందు బ్యానర్ కట్టారు. 'అభ్యంతరరహిత వియ్యాలవారి పాటలు: ప్రయోగాత్మక ప్రదర్శన.' పొద్దు వాలే వేళకి మగపెళ్లివారి బస్సు దిగింది. ముందుగా చీర దిగింది. దాని వెనకాల సీతారత్నం గారు దిగారు. ఊళ్లో పిల్లలంతా నోళ్లు తెరుచుకుని చూశారు. ఆవిడ కావాలనే నెమ్మదిగా, నిండు బాతులా నడిచి, బంతి మధ్యలో అందరికీ కనపడేలా కూర్చుంది. ఆవిడ వెనక ఆవిడ తోడికోడళ్లు కొంగులు బిగించి నిలబడ్డారు. నెల్నాళ్లుగా జవాబులు కట్టుకుని మరీ వచ్చారు పాపం.

బంతి చివర దక్షిణామూర్తి గారు. ఆకులు పరిచారు. గారెలు పడ్డాయి. సీతారత్నం గారు తల కొంచెం వంచి, చెవి అటు పడేసి, ఊపిరి బిగపట్టింది.

పేరంటాలు అత్త మైకు అందుకుంది.

"మాన్యశ్రీ వరుని మాతృమూర్తి గారూ
మీ రాక మాకెంతొ హర్షదాయకమూ!
సకాలమందు మీరు విచ్చేసినారూ
సహకరించిన మీకు కృతజ్ఞతలూ!"

మైకు ఓసారి కూ అని ఊరుకుంది. పప్పు వడ్డించే కుర్రాడు గరిటె పైకెత్తి అలాగే నిలబడ్డాడు. తోడికోడళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్దావిడ అలవాటుగా రాగం అందుకోబోయి, కృతజ్ఞతలకి ఏం జవాబు చెప్పాలో తెలియక, "మీకు కూడా" అని కూర్చుంది.

"ఇంకా ఉంది కదా వదినగారూ?" అంది సీతారత్నం గారు ఆశగా.

"రెండో చరణం ఉందండి" అంది అత్త, కాగితం చూసి. "'మీ సౌకర్యమే మా ధ్యేయమూ' అని."

సీతారత్నం గారి చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. "నాలో ఏం లోపం కనపడింది వదినగారూ?"

"అయ్యో, ఏ లోపం లేదండి" అంది చిట్టెమ్మ పిన్ని.

"అదే అడుగుతున్నాను. ఒక్క లోపం కూడా చెప్పలేనంత పరాయిదాన్నయ్యానా? బ్యాంకుకెళ్తే ఇలాగే మాట్లాడతారు నాతో. కరెంటాఫీసులో ఇలాగే మాట్లాడతారు. కొడుకునిచ్చి వియ్యమందుతున్న ఇంట్లో కూడా ఇదేనా?" ఆవిడ పచ్చకొంగుతో కళ్లొత్తుకుంది. "చీరన్నా చూళ్లేదా తల్లీ మీరు?"

పెళ్లికొడుకు తండ్రి సుబ్బారాయుడు గారు ఆకు ముందునుంచి లేచారు. "లేవండ్రా. బస్సు తియ్యమనండి. రేపు మా ఆవిడకి జొరమొస్తే వీళ్లు 'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం' అంటారు. మనుషులన్నాక ఓ మాటుండాలి. మాటలేని ఇంటికి మా కుర్రాణ్ణి పంపను."

బంతి బంతంతా లేచింది. అబ్బులు గుండె జారి గారెల బేసిన్లో పడింది. దక్షిణామూర్తి గారు మాత్రం కూర్చునే ఉన్నారు.

"కంగారు పడవద్దు" అన్నారు. "పాటలోని ఏ పదం మీదా అభ్యంతరం రాలేదు. ఇది పాటలో లేని పదాల మీద అభ్యంతరం. మన నమూనాలో దానికి గడి లేదు. సాంకేతికంగా ఇది సంపూర్ణ విజయం."

లోపలి గుమ్మంలో భవాని నిలబడి ఉంది, మొహానికి నలుగు ఇంకా ఆరలేదు. అన్నయ్య వంక చూసింది, అంతే. ఆ చూపు కన్నా పెనం మీద కూర్చోవడం నయం.

అబ్బులు అత్త దగ్గరికి పరిగెత్తాడు. "అత్తా, పాడత్తా! నీకు దణ్ణం పెడతాను, పాత పాట పాడత్తా!"

"ఏం పాడనురా?" అత్త గొంతులో నిజంగానే భయం. అబ్బులు ఆవిడలో భయం చూడటం అదే మొదలు. "రావట్లేదురా. ఆవిడ చీర చూడగానే బుర్రలో బోలెడొచ్చాయి. నోటి దాకా వచ్చేసరికి అన్నీ 'కాలానుగుణ కూరగాయ' అయిపోతున్నాయి. నెల్నాళ్లు ఖాళీ కుర్చీని పొగిడించావు కదరా నా చేత. గొంతు కట్టేసింది. ఎవరినన్నా చెడామడా అంటే గానీ తెగదిది."

"అయితే అను!"

"ఎవర్నంటాను? వరసైనవాళ్లని తప్ప అనలేను నేను. వాళ్లేమో బస్సెక్కేస్తున్నారు."

అబ్బులు చుట్టూ చూశాడు. అందరూ వాడినే చూస్తున్నారు. వాడికి ఒక్కటే తోచింది. జీవితంలో దరఖాస్తు లేకుండా వాడు చేసిన మొదటి పని అదే. వెళ్లి అత్త ముందు, నమూనా కుర్చీలా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నన్నను అత్తా."

"నిన్నా?" అంది అత్త. పైనుంచి కిందకి చూసింది. చూస్తూ చూస్తూ ఉండగా ఆవిడ మొహంలో దీపం వెలిగినట్టయింది. మెడలో కార్డు తీసి చిట్టెమ్మ పిన్నికిచ్చింది. మైకు కింద పెట్టేసింది. కొంగు దోపింది.

"అబ్బులుగాడి చదువెంత? అరిటాకంత!
ఆకులో వడ్డించింది ఆవగింజంత!
దరఖాస్తు పెట్టందే దగ్గయినా దగ్గడంట
రశీదు చూడందే తుమ్మయినా తుమ్మడంట!
కాలవలో మునుగుతా ఎడారన్నాడమ్మా
కూడబుట్టిన చెల్లి పెళ్లికి కుర్చీ తెచ్చాడమ్మా!"

మొదటి చరణానికి పప్పు కుర్రాడు గరిటె వదిలేశాడు. రెండో దానికి ఊరంతా గొల్లుమంది. మూడోది అయ్యేసరికి బస్సు కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. అబ్బులు చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి. అందులో ఒక్క అబద్ధం కూడా లేకపోవడమే వాడి బాధ. ఎడారి సంగతి అత్తకెవరు చెప్పారో తెలీలేదు. ఊరందరికీ తానే గొప్పగా చెప్పుకున్నాడని తర్వాత గుర్తొచ్చింది.

సీతారత్నం గారి ఒక కాలు బస్సు మెట్టు మీదుంది, ఒకటి నేల మీదుంది. అత్త గొంతు కట్టు తెగింది. అటు తిరిగింది.

"చిలకపచ్చ చీరగట్టి వచ్చిందమ్మా వియ్యపురాలు
చేలో చిలకలన్నీ చుట్టమనుకుని చేరాయమ్మా!
ముక్కుపుడక చూస్తేనేమో ముద్దబంతి పువ్వంత
ముక్కేదమ్మా అంటేనేమో ఎతకాలి ఊరంతా!
బాతు నడక నడిచొస్తే బస్సు పక్కకొరిగింది
గారెలొద్దు వద్దంటూనే కొంగు మూట కట్టింది!"

"అమ్మో అమ్మో అమ్మో! విన్నారా!" సీతారత్నం గారు మెట్టు దిగిపోయింది. మొహం మతాబాలా వెలుగుతోంది. "ఏవండీ, విన్నారా నన్నెంత మాటంటున్నారో! ఒరే, ఆ ఇంజను ఆపరా, వినపడి చావట్లేదు! ఏదీ వదినగారూ, ఆ ముక్కుపుడకది మళ్లీ ఓసారి అనండి, మా పెద్దక్క సరిగ్గా వినలేదు!"

అదే బాతు నడకతో, ఈసారి పరిగెత్తుతూ, ఆవిడ తన ఆకు ముందుకొచ్చి కూలబడింది. తోడికోడళ్లకి ప్రాణం లేచొచ్చింది.

"మీ ఊరి పులుసులో ముక్కేదమ్మా
గేలమేసి లాగినా దొరకదమ్మా!
అన్నగారి తెలివంతా ఆరబెట్టారా
అట్లకాడ మీదకైనా చాలలేదమ్మా!"

అటునుంచి పడింది కూడా అబ్బులు మీదే. ఆ సాయంత్రం రెండు ఊళ్ల మధ్య ఏ విషయంలోనూ ఒప్పందం కుదరలేదు, అబ్బులు విషయంలో తప్ప. వాడు గారెల బేసిను పట్టుకుని వడ్డిస్తూ తిరిగాడు. దగ్గరికెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు "రశీదిస్తావా బాబూ?" అన్నారు. భవాని గుమ్మంలో నిలబడి కడుపు పట్టుకుని నవ్వుతోంది. చెల్లి అలా నవ్వుతుంటే, ఇంకో చరణం ఉన్నా ఫర్వాలేదనుకున్నాడు వాడు.

*

మజ్జిగ దాకా వచ్చింది బంతి. సుబ్బారాయుడు గారి బట్టతల అయిపోయింది, పెళ్లికొడుకు మేనమామ గురక అయిపోయింది, చివరికి బస్సు డ్రైవర్ని కూడా వరస కలిపి అనేశారు. ఎవరి వంతు వచ్చినా వాళ్లు మెలికలు తిరిగిపోతున్నారు.

దక్షిణామూర్తి గారి ఎర్ర పెన్ను ఆకు పక్కన పడుంది. ఆయన మొదట్లో ఒకటి రెండు సార్లు "ఇది ఉల్లంఘన" అన్నారు గానీ ఎవరికీ వినపడలేదు. తర్వాత అనడం మానేశారు. తర్వాత తల ఊపారు. ఇప్పుడు మెడ సాచి, పాట బంతి వెంట తన వైపు వస్తుంటే చూస్తున్నారు. పాట ఆయన పక్కనున్న డ్రైవర్ దగ్గరకొచ్చి, ఆగి, వెనక్కి తిరిగిపోయింది.

ఆయన దగ్గారు. ఎవరూ పట్టించుకోలేదు. కాస్త గట్టిగా దగ్గారు.

"పేరంటాలమ్మ గారూ, నా మీద కూడా ఏదైనా..."

"ఏవండీ?"

"అంటే... పరిశీలన నిమిత్తం."

అత్త నొచ్చుకుంది. "మిమ్మల్నెలా అంటామండీ? మీరు మాకేమవుతారు?"

"అధికారిని. అతిథిని."

"అందుకేనండి. అయినవాళ్లని తప్ప అనకూడదు. తప్పు. మీకు పాట లేకేం, మీరు రాసిందే ఉంది కదా!" అని అత్త మర్యాదగా మైకు మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఆడాళ్లంతా లేచి నిలబడ్డారు.

"మాన్యశ్రీ సుస్థిరతాధికారి గారూ
మీ రాక మాకెంతొ హర్షదాయకమూ!
సకాలమందు మీరు విచ్చేసినారూ
సహకరించిన మీకు కృతజ్ఞతలూ!"

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అందరూ ఎవరి ఆకులోకి వాళ్లు చూసుకున్నారు. దక్షిణామూర్తి గారు బంతి చివర, గోడౌన్లో నమూనా కుర్చీలా, ఒక్కరే. రెండో చరణం కూడా పూర్తిగా పాడారు. 'మీ సౌకర్యమే మా ధ్యేయమూ' దగ్గర ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

సీతారత్నం గారు ఉండబట్టలేకపోయింది. "పాపం, పెద్దాయన్ని అంతేసి మాటలనేశారేంటి వదినగారూ?" అంది, గొంతు తగ్గించి.

ఆయన చెయ్యి కడుక్కోడానికి లేస్తే అబ్బులే చెంబుతో నీళ్లు పోశాడు. ఇద్దరిదీ ఒకే చప్పట్ల పాపం. అధికారి గారు చాలాసేపు, అవసరం కన్నా చాలాసేపు, చెయ్యి కడుక్కున్నారు. తర్వాత జేబురుమాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంటూ, ఎటో చూస్తూ అన్నారు.

"అబ్బులు గారూ, ఒక వ్యక్తిగత విషయం. మా అబ్బాయికి సంబంధాలు చూస్తున్నాం. కుర్రాడు ఉద్యోగం చేస్తున్నాడు. ఈ ఊళ్లో... అంటే, ఈ ఊళ్లోనే... పెళ్లీడు అమ్మాయిలెవరైనా ఉన్నారా?"

అబ్బులు అత్త వైపు తిరిగాడు. చిట్టెమ్మ పిన్ని కూడా తిరిగింది, వాళ్ల చిన్నపిల్ల డిగ్రీ అయిపోయి ఇంట్లోనే ఉంది. అత్త చేతిలో మైకు పక్కన పెట్టి, దక్షిణామూర్తి గారిని మొదటిసారిగా సరిగ్గా చూడటం మొదలెట్టింది. ముందు నున్నటి తల. తర్వాత ఫైలు. ఆ తర్వాత, నెమ్మదిగా, తనివితీరా, పొట్ట.

ఆయన కొంచెం పక్కకి తిరిగి నిలబడ్డారు, బాగా కనపడేలా.